మొహం తిప్పుకున్న మనిషి

"1998 మార్చి 3, మంగళవారం. పొద్దున పదింటికి రొట్టె, చీజ్, ఊరవేసిన ఉల్లిపాయ తిన్నాను."

"ఉల్లిపాయ కూడా గుర్తుందా మేడం?" అన్నాడు లాయరు. ఊరి హాల్లో కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. కొందరు నవ్వారు.

"ఉంది," అంది హెస్టర్ పానెట్. "కొండ మధ్యలో కంచె మీది మెట్టెక్కి కూచుని తిన్నాను. టప్పెన్ గారు ట్రాక్టర్ మీద పోతున్నాడు. గుడ్ మార్నింగ్ అన్నాను. మొహం అటు తిప్పుకున్నాడు. అన్నం మరిచిపోతామేమోగానీ అవమానం మరిచిపోతామా బాబూ?"

ఆ సుద్దకొండకి ఇవతల హెస్టర్ ఊరు, అవతల చెల్లెలు ఈడీ ఊరు. మధ్యలో టప్పెన్ బార్లీ చేను. చేను గట్టున నడిస్తే మైలున్నర. రోడ్డు మీదయితే ఆరు మైళ్లు, బస్సు లేదు. ఈడీకి కాళ్లు పడిపోయి తొమ్మిదేళ్లయింది. వారానికి రెండుసార్లు అక్క వెళ్లి తల దువ్వకపోతే దువ్వే దిక్కు లేదు.

రెండేళ్ల కిందట టప్పెన్ పొలం అమ్మేశాడు. కొన్న లండన్ పెద్దమనిషి వారం తిరక్కుండా ముళ్లకంచె వేయించి, గేటుకి తాళం పెట్టించాడు. హెస్టర్ గౌను మోకాళ్ల పైకి దోపుకుని గేటెక్కింది. అప్పటికి ఆమెకి డెబ్బై నాలుగు.

"అమ్మా, ఇది ప్రైవేటు. బోర్డు చూళ్లేదా?" అన్నాడు కాపలావాడు.

"చూశాను నాయనా. అందులో అక్షరం తప్పు కూడా చూశాను. జరుగు, దూకుతున్నాను."

అలా రెండేళ్లు దూకింది. ఒకసారి చెయ్యి చీరుకుంది. ఒకసారి పోలీసు వచ్చాడు, టీ తాగి వెళ్లాడు. చివరికి ఊళ్లో మరో పదకొండు మంది చేత సంతకాలు పెట్టించి, ఆ దారి అందరిదని అర్జీ పడేసింది. దాని మీదే ఈ విచారణ.

జనం ఇరవై ఏళ్లు బాహాటంగా, ఎవరినీ అడక్కుండా, ఎవరూ రమ్మనకుండా, వద్దనకుండా నడిచినట్టు తేలితే దారి జనానిది. లండన్ పెద్దమనిషి లాయరు ఆ 'రమ్మనకుండా' అన్నదాన్నే పట్టుకున్నాడు.

"టప్పెన్ గారు మంచివారు. పోనీలే పాపం, నడవనీ అనుకుని మిమ్మల్ని నడవనిచ్చారు. అది ఆయన దయ. మీ హక్కు కాదు. అంతేనా మేడం?"

"దయా?" హెస్టర్ లేచి నిలబడింది. "ఆయనకా? ఇరవై ఏళ్లు నడిచాను. కనపడ్డప్పుడల్లా పలకరించాను. ఒక్కసారి తల ఊపలేదు. క్రిస్మస్‌కి గేటు మీద రేగుజామ్ సీసా పెడితే తెల్లారికి అక్కడే ఉంది. వానాకాలంలో ఆ సుద్దనేల సబ్బులా జారుతుంది. పంచాయతీవాళ్లెవరో పుణ్యాత్ములు ఏటా మెట్లు చెక్కబట్టి నడుము దక్కింది గానీ, నేను ఆయన కళ్లముందు జారిపడ్డా చెయ్యందించేవాడు కాడు. దయట, దయ. ఆయన మీది పంతంతోనే సగం రోజులు నడిచాను."

విచారణాధికారిణి ఏదో రాసుకుంది. లాయరు మొహం వాడింది.

తర్వాత టప్పెన్‌ని పిలిచారు. ఎనభై దాటిన మనిషి. టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"అప్పట్లో పొలం ఎవరిది?" అని అడిగింది విచారణాధికారిణి.

"మా అన్నదీ నాదీ. మా అన్న ఏ కాగితం మీదా సంతకం పెట్టడు. అమ్మకం కాగితం మీద తప్ప." హాలంతా నవ్వింది.

"ఈవిడని ఎప్పుడైనా నడవమన్నారా?"

"లేదు."

"వద్దన్నారా?"

"లేదు."

"మరేమన్నారు?"

"ఏమీ అనలేదు."

"ఇరవై ఏళ్లలో ఒక్క మాట కూడా?"

"ఒక్క మాట కూడా."

దిగి వెళుతూ హెస్టర్ పక్కనుంచే పోయాడు. ఆమె కావాలనే గట్టిగా "గుడ్ మార్నింగ్" అంది. ఆయన మొహం అటు తిప్పుకున్నాడు.

"చూశారా?" అంది హెస్టర్ హాలుకేసి తిరిగి.

ఆరు వారాలకి ఉత్తరం వచ్చింది. దారి అందరిదీ. కంచె తీసెయ్యాలి. ఇక దాన్ని మార్చేవాళ్లు లేరు.

ఈడీ ఉత్తరం రెండుసార్లు చదివించుకుంది. "ఇక గేట్లు దూకే పని లేదక్కా. నీకేం తోచదు పాపం."

"ఇంకొక గేటుంది," అంది హెస్టర్. "ఆ ముసలాయన మీద గెలిచిన సంగతి ఆయన మొహం మీదే చెప్పి రావాలి. ఈసారి ఎటు తిప్పుకుంటాడో చూస్తాను."

తిరుగుదారిలో, వెలుగు సన్నగిల్లే వేళకి, టప్పెన్ అద్దెకుంటున్న చిన్న ఇంటి ముందు ఆగింది. తలుపు కొట్టబోతూ గోడ వైపు చూసింది. అక్కడ ఒక పాత పార ఆనించి ఉంది. దాని అంచున తెల్లగా, ఎన్నో ఏళ్ల సుద్ద గడ్డకట్టి ఉంది.

కొండ మీది మెట్లు గుర్తొచ్చి, ఎత్తిన చెయ్యి దించేసింది. తలుపు లోపలి నుంచే తెరుచుకుంది.

"గుడ్ మార్నింగ్ హెస్టర్ గారూ," అన్నాడు టప్పెన్ ఆ మునిచీకట్లో నిలబడి, "దారి రాసిద్దామంటే మా అన్న సంతకం పెట్టడు, రమ్మన్నా పొమ్మన్నా, ఒక్క మాటతో మీ దారి పోతుందని మొదట్లోనే తెలుసుకున్నాను, అందుకే ఇన్నేళ్లూ నోరు కట్టుకున్నాను" అని, ఆమె తిరిగి గుడ్ మార్నింగ్ అనేదాకా ఆగి, ఆ రాత్రికి తలుపు మెల్లగా వేసుకున్నాడు.