తాలుకాయ చోటు

గుంటూరులో ఆంటాలజీ అనే వర్గీకరణ పద్ధతిలో శిక్షణ, 2007, మొదటి రోజు. మిర్చియార్డు కంప్యూటర్‌కు ఏది దేని కిందికి వస్తుందో తెలియాలంటే, తెర మీద చెట్టులా పేర్చి చూపాలి.

కారం మిల్లు యజమాని కూతురు తేజశ్రీ పేర్చిన చెట్టు చూసి, పాఠం చెబుతున్న లక్ష్మీకాంత్ మొహం చిట్లించాడు. తెల్లబారి బూజు పట్టిన నాసిరకం మిరపకాయను, అదే తాలుకాయను, ఆమె ‘ఆహారం’ కింద పెట్టింది.

“ఛీ, పశువులు కూడా ముట్టవు! తీసి చెత్త కింద పెట్టమ్మా.”

ఆమె జరిపింది. తాలుకాయతోపాటు దాని కింది కొమ్మలూ కదిలి వచ్చాయి: హోటల్ కారం, హాస్టల్ కారం, ఇడ్లీ కారప్పొడి.

“ఇవెందుకొచ్చాయి?”

“తాలు మరపట్టిస్తే వచ్చేవి అవేగా సార్. మంచికాయ ఎగుమతికి పోతుంది.”

పొద్దున హోటల్లో ఇడ్లీలోకి కారప్పొడి రెండోసారి అడిగి వేయించుకున్నాడు లక్ష్మీకాంత్.

“మరి మీ ఇంట్లో?”

“అమ్మో, మేం మంచికాయ తొడిమలు తీయించి విడిగా ఆడించుకుంటాం సార్.” సిగ్గన్నది లేదు. “తాలుని ఇలా చెత్త కిందే ఉంచనా? ఈ క్లాసులకి ఖర్చు పెడుతోంది మా నాన్నగారే. మధ్యాహ్నం భోజనాలు తీసుకుని వస్తారు, చూస్తారు.”

“మళ్లీ ఆహారం కిందే పెట్టెయ్యమ్మా” అన్నాడు లక్ష్మీకాంత్.

మధ్యాహ్నం తను మాత్రం పెరుగన్నంతో సరిపెట్టుకున్నాడు.