తొలిపొద్దు రంగు

దిండు గలీబు మూతి ముడేసి పట్టుకుని, ఒక పెద్దాయన నాడీన్ పర్విస్ బల్ల ముందుకొచ్చి నిలబడ్డాడు.

శనివారం పెంపుడు పాముల సంత. జాస్పర్ కౌంటీ రేకుల హాల్లో అడుగు పెట్టే చోటు లేదు.

నాడీన్‌కు తలెత్తి చూసే ఓపిక కూడా లేదు. ఆ ఉదయమే ఇంట్లో ఆ ఏటి ఆఖరి పాముగుడ్లు పగిలాయి. పద్దెనిమిది పిల్లలు. పద్దెనిమిదీ సాదావే. నారింజ ఒళ్లు, ఎర్ర మచ్చలు.

ఆమె ఎదురుచూస్తున్న రంగు వేరు.

ఆమె భర్త రాయిస్ ఒకప్పుడు విషం లేని కార్న్ పాముల్లో ఒక మగదాన్ని పుట్టించాడు. శంఖం లోపలి వైపు కనిపించే పలచటి గులాబీ రంగు. దానికి తొలిపొద్దు అని పేరు పెట్టుకున్నాడు. అలాంటిది ఇంకెవరి దగ్గరా లేదు. రాయిస్ ఊపిరితిత్తుల జబ్బుతో చనిపోయిన ఏడాదే తుఫాను వచ్చింది. నీళ్లు షెడ్డులోకి చొరబడి తొలిపొద్దునూ, దాని పిల్లలన్నిటినీ పొట్టన పెట్టుకున్నాయి.

మిగిలింది తొలిపొద్దు చెల్లెలు ఒక్కటే. నాలుగేళ్లుగా నాడీన్ దానికీ, దాని సంతానానికీ జతలు కడుతూనే ఉంది.

ఆ రంగును ఒక్కసారి మళ్లీ చూడాలి. చూస్తే రాయిస్ పక్క గదిలోంచి "చెప్పానా" అంటూ వచ్చినట్టుంటుందని ఆమె ఆశ. ఆ ఆశ ఎవరికీ చెప్పుకోలేదు గానీ, సంతలో అందరికీ తెలుసు.

"నాడీనక్కా, ఈసారైనా పొద్దు పొడిచిందా?" అని పక్క బల్ల క్లీట్ పొద్దున్నే అడిగాడు.

"నీ బల్ల మీద పొడిస్తే చెప్పు, చూడ్డానికొస్తా" అంది నాడీన్. అని, మొహం పక్కకు తిప్పుకుంది.

అలాంటి రోజున వచ్చాడు ఆ పెద్దాయన.

"ఇది ఆడదమ్మా. మీ దగ్గర ఉంచుకుంటారని తెచ్చాను."

గలీబు విప్పి చూపించాడు. పాము పుష్టిగా, నిగనిగలాడుతూ ఉంది. ఎంతో ఒబ్బిడిగా పెంచాడని చూస్తేనే తెలుస్తోంది.

నారింజ ఒళ్లు, ఎర్ర మచ్చలు.

ఈ పాముల్లో రంగు దాక్కుంటుంది. తండ్రి రంగు పిల్లలో బయటపడకుండా ఉండిపోయి, సరైన జత కుదిరితే మనవల్లో తేలుతుంది. అందుకే పాములు పెంచేవాళ్లు ఎంత సాదా పామును చూసినా ముందుగా అడిగేది ఒకటే, ఇది ఎవరి పిల్ల అని. నాడీన్ అయితే మనిషిని పలకరించడం కూడా మానేసి ఆ మాటే అడుగుతుందని సంతలో నవ్వుకునేవాళ్లు.

ఆ రోజు ఆమె మనసు మనసులో లేదు.

"సాదావి నా దగ్గరే యాభై ఉన్నాయి పెద్దాయనా."

ఒకసారి చేతిలోకి తీసుకుని చూడమన్నాడు ఆయన. కనపడుతూనే ఉందిగా, ఇంకా చూసేదేముంది అంది నాడీన్.

ఆయన కదల్లేదు. ఇంకేదో మాట రావాలన్నట్టు ఆమె మొహంలోకే చూస్తూ నిలబడ్డాడు. వెనక జనం తోసుకుంటున్నారు. ఇంట్లో దిండు చలికి వణుకుతూ ఉంటుంది, తొందరగా వెళ్లు తాతా అని క్లీట్ వేళాకోళం చేశాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

నాడీన్ కూడా నవ్వింది.

"మరి దీన్ని ఏం చెయ్యమంటారమ్మా?"

"మన పైన్ అడవుల్లో పుట్టే జాతే కదా. అక్కడే వదిలెయ్యండి. హాయిగా బతుకుతుంది."

"వదిలెయ్యమంటారా?"

"ఆఁ, వదిలెయ్యండి."

ఆయన గలీబు మళ్లీ ముడేశాడు. గుమ్మం దాకా వెళ్లి, ఎందుకో వెనక్కి వచ్చాడు. బల్ల దగ్గర నలుగురు మూగి ఉండటం చూసి, ఇక వెళ్లిపోయాడు.

ఏడాది తిరిగింది. నాడీన్ షెడ్డులో ఆ ఏడూ సాదా పిల్లలే పుట్టాయి.

మళ్లీ సంత రోజున నలభై ఏళ్ల ఆవిడ ఒకరు బల్ల దగ్గరకు వచ్చి, తన పేరు వెర్నా అని చెప్పింది. పోయినేడు ఆడపామును తెచ్చిన పెద్దాయన కూతురట. పామును నాడీన్ చెప్పినట్టే పైన్ అడవిలో వదిలేశాడట. చలికాలంలో ఆయన పోయాడట. పోతూ పోతూ, నాడీన్‌ను కలిసి తన తరఫున క్షమాపణ చెప్పి రమ్మన్నాడట.

"క్షమాపణ ఎందుకమ్మా?" అంది నాడీన్. "ఆయన నన్నేమన్నారని?"

"మీవారికిచ్చిన మాట నిలబెట్టుకోలేకపోయానని."

నాడీన్ చేతిలోని డబ్బా బల్ల మీద పెట్టింది.

వెర్నా నెమ్మదిగా చెప్పుకొచ్చింది. ఆమె తండ్రి ఆక్సిజన్ సిలిండర్ల బండి నడిపేవాడు. వారానికి రెండుసార్లు, నాడీన్ బడి వంటగదిలో పనికి వెళ్లిన వేళల్లో, రాయిస్‌కు సిలిండరు మార్చేవాడు. మార్చాక వెళ్లకుండా కూర్చునేవాడు. ఇద్దరూ పాముల గురించి మాట్లాడుకునేవారు.

"ఆఖరి వారంలో మీవారు తొలిపొద్దు పిల్లనొకదాన్ని నాన్న చేతిలో పెట్టారట. ఎదిగాక నాడీన్‌కి ఇవ్వు, నువ్వుగా ఏమీ చెప్పకు, ఎవరి పిల్ల అని ముందు తనే అడుగుతుంది, అప్పుడు నా పేరు చెప్పు అన్నారట."

నాడీన్ చూపు గుమ్మం వైపు పోయింది.

"నాన్న చాలాసేపు నిలబడ్డాడటమ్మా, మీరు అడగలేదట."