తీసేసిన సోలో

ఉంచాలా, తీసేయాలా? ఆమెకు పాలుపోవడం లేదు.

నిండు ఆర్కెస్ట్రా కోసం ఆమె రాస్తున్న మొదటి రచన అది. వయొలిన్లు కసురుకుంటాయి, డ్రమ్ములు ఎదురు తిరుగుతాయి. అంత గొడవా ఒక్కసారిగా ఆగిపోయి, ఒంటరిగా ఒక ట్రంపెట్ లేస్తుంది. ఆ సోలో తండ్రి కోసమే రాసింది. ఆయన ఆ ఆర్కెస్ట్రాలోనే ట్రంపెట్ వాయిస్తాడు. ఈ కచేరీతో రిటైరవుతున్నాడు.

“ఇందులో పాటెక్కడుందే? గిన్నెల అల్మరా కూలినట్టుంది,” అంది తల్లి, ఆమె పియానో మీద వినిపిస్తే. “ఆ ట్రంపెట్ ముక్కొక్కటే చెవికింపుగా ఉంది.”

ఆర్కెస్ట్రాలో గుసగుసలు మొదలయ్యాయి. కండక్టర్ ఆమెను పక్కకి పిలిచాడు.

“తండ్రి సిఫార్సుతో కూతురికి అవకాశం, కూతురి పుణ్యమా అని తండ్రికి సోలో అంటున్నారమ్మా.”

“అననివ్వండి సార్. సోలో నాన్నదే.”

ఆ గుసగుసలూ, ఆమె జవాబూ తండ్రి చెవిన కూడా పడ్డాయి.

ఆమెను కుంగదీసింది గుసగుసలు కావు, పక్కగది. సాయంత్రాలు ఆయన తలుపేసుకుని సాధన చేస్తుంటే, పైస్వరం దగ్గర ట్రంపెట్ గొంతు చీలిపోయేది. మళ్ళీ మొదలుపెట్టేవాడు. మళ్ళీ అక్కడే జారేవాడు. గోడకి ఇవతల ఆమె పెన్సిల్ పట్టుకుని ఊపిరి బిగబట్టేది. నాన్న ఇన్నేళ్ళ పేరు నిండు సభలో తన చేతుల మీదుగా పోవాలా?

“వయసు మీద పడిందమ్మా. దమ్ము చాలడం లేదు,” అన్నాడొకరోజు, ఆమె వైపు చూడకుండా.

మర్నాడే సోలోని క్లారినెట్‌కి మార్చేసింది. కొత్త కాగితాలు తెచ్చి తండ్రి చేతికిచ్చింది. ఆయన తన భాగం తిరగేసి చూశాడు.

“ఇదే బాగుందమ్మా.”

కచేరీ అయ్యాక జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. గుసగుసలాడినవాళ్ళే వచ్చి చెయ్యి కలిపారు. ఆమె కళ్ళు మాత్రం వెనక వరసలోనే ఉన్నాయి. తండ్రి తలొంచుకుని ట్రంపెట్ తుడుచుకుంటున్నాడు. నాన్న ఆఖరి పాట తనే లాగేసుకున్నట్టు అనిపించి, దండ మెడలో పడుతుంటే కూడా నవ్వలేకపోయింది.

కొన్నాళ్ళకి, బయటి పని తొందరగా ముగించుకుని ఇంటికొచ్చింది. గడపలోనే కాళ్ళు ఆగిపోయాయి. మూసిన తలుపు వెనక నుంచి ఆ సోలో, పైస్వరంతో సహా, ఎక్కడా చిన్న చీలిక లేకుండా సాగిపోతోంది.

తల్లి వంటింట్లోంచి పరుగున వచ్చి ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

“ష్! నువ్వింట్లో లేవనుకుంటున్నారే మీ నాన్న!”