ఉప్పు వేసిన బన్ను

పిండి పొంగలేదు.

కాంతం తడిగుడ్డ ఎత్తి వేలితో నొక్కి చూసింది. ఎలా పెట్టిందో అలాగే, రాయిలా ఉంది. పాలు వేడివేడిగా ఉండగానే ఈస్టు కలిపేసింది, ఇంకెక్కడ పొంగుతుంది? తొందరపడితే ఏ పనీ చేతికి రాదు. ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది.

పెరట్లో కొబ్బరిచెట్ల నీడన భర్త బాబూరావుకు వడ్డించిన ఆకు వడ్డించినట్టే ఉంది. పనసకాయ కూర, గారెలు, పరమాన్నం, పక్కనే సొంత తోటలో దింపిన బొండాం. ఏళ్ల తరబడి డాక్టర్లు వద్దన్నవన్నీ ఏరి ఏరి పెట్టారు. పొద్దున్నుంచీ ఆయన ఒక్కటీ తాకలేదు. ఆయన అన్నగారు బంగారయ్య ఆకు దగ్గరే గొంతుక్కూర్చుని, చిన్నపిల్లాణ్ణి బుజ్జగించినట్టు బతిమాలుతున్నాడు. ఆయన తినందే ఇంట్లో ఎవరు తింటారు? అరుగు మీద చుట్టాలు ఆకలికి నకనకలాడుతూ, పైకి మాత్రం ఓపికగా ఉన్నట్టు కనిపిస్తున్నారు.

బాబూరావు అక్క సూర్యకుమారి వంటింటి గుమ్మంలోకొచ్చింది. తమ్ముడి మొండితనం ఆమెకు కొత్త కాదు.

"ఇది ఆకలి సంగతి కాదు కాంతం. ఆడికి నీమీద కోపం. ఏటడిగితే లేదన్నావో గుర్తు సేసుకో."

"గుర్తు సేసుకోడానికేటుంది వదినా, బన్నే."

డయాలసిస్‌కని వజ్రపుకొత్తూరు నుంచి పలాస తీసుకెళ్లినప్పుడల్లా, తిరుగు దారిలో బేకరీ ముందు ఆయన కాళ్లు ఆగిపోయేవి. అద్దం వెనక మెత్తటి బన్నులు వరసగా ఊరిస్తూ ఉండేవి. వాటిలో ఉప్పుంటుందని కాంతం చెయ్యి పట్టి లాక్కొచ్చేది. ఉప్పు లేకుండా ఇంట్లోనే చేసి పెడతానని మాటిచ్చి, రేపు రేపంటూ దాటేసింది. ఆయన అలిగితే నవ్వింది కూడా. ఈ పూట ఆయన తినకపోతే ఆ ఉసురు జన్మంతా తనకు తగులుతుంది.

బేకరీవి తెప్పిద్దామా అని సూర్యకుమారి అడిగింది. కాంతం ఒప్పుకోలేదు.

"నాను సేత్తానన్నాను వదినా. నా సేత్తోనే పెట్టాల."

మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి గోరువెచ్చని పాలలో పంచదార, ఈస్టు వేసి నురగొచ్చేదాకా కళ్లు తిప్పకుండా చూసింది. మైదా పోసి, వెన్న చేర్చి, రెక్కలు పడిపోయేలా పిసికింది. ఉప్పుడబ్బా దగ్గరకొచ్చేసరికి చెయ్యి ఆగింది. ఆ డబ్బాను ఆయన కంటపడకుండా దాచడమే ఇన్నాళ్లూ ఆమెకు పెద్ద పని.

"ఏసెయ్. ఇంకేటయిపోద్ది?" అంది సూర్యకుమారి, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ.

కాంతం రుచికి సరిపడా వేసింది.

ఈసారి పిండి గిన్నె అంచుదాకా పొంగింది. ఉండలు చేసి, అడుగున ఇసక పోసిన కుక్కర్‌లో పెట్టి, విజిల్ తీసి మూసింది. ఎండ గోడెక్కేసింది. పొద్దు గూకితే ఇంక తినడని బంగారయ్య పెరట్లోంచి కేకేశాడు. ఆయన గొంతులోనూ ధైర్యం అయిపోయింది. కాంతం స్టవ్ ముందు చేతులు నలుపుకుంటూ నిలబడింది. కోపంగానే ఉండిపోతాడా? నాతో ఇంత పంతమా? ఆమెకు తనమీద తనకే అసహ్యం వేసింది.

బన్నులు దించి, పైన పాలు రాసి, మెత్తబడేందుకు గుడ్డ కప్పింది. కాసేపాగి ఒకటి విరిచి చూస్తే దూదిలా విచ్చుకుంది. పళ్లెంలో పెట్టుకుని పెరట్లోకి పరుగెత్తింది. అరుగు మీది చుట్టాలంతా లేచి వెనకే వచ్చారు.

ఆకులో బన్ను పెట్టి చేతులు జోడించింది.

"ఉప్పేసినాను మావా. మెత్తగానే వచ్చింది. నిన్ను ఇంక దేనికీ వద్దనను. ఈ ఒక్కటీ తిను."

బంగారయ్య ఆమెను మెల్లగా పక్కకు తీసుకొచ్చాడు. కాంతం ఆకుకేసే చూస్తోంది.

కాకి వచ్చి బన్ను ముట్టింది.