తోడు నడిచిన మనిషి

పార్కులో మొదటి మలుపు తిరక్కముందే శాంతరాజు బెంచీ మీద కూలబడ్డాడు.

ఒళ్లంతా చెమట. గుండె దడదడలాడుతోంది.

"మీరు కమెడియన్ శాంతరాజు కదా సార్! ఒక్కసారి కిందపడి లేవలేనట్టు చెయ్యండి సార్, వీడియో తీసుకుంటా" అన్నాడు ఓ పెద్దమనిషి, ఫోను పైకెత్తి.

శాంతరాజు అలవాటుగా నవ్వబోయాడు. ఊపిరందలేదు.

"ఆయన గిప్పుడు వేషం ఏస్తలేడు. జర పక్కకు పోండి" అంది ఓ ముసలావిడ, మధ్యలోకి వచ్చి నిలబడి.

ఆ మనిషి గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

"మెల్లగ లే బిడ్డా. నేను గూడ మెల్లగనే నడుస్త."

శకుంతలమ్మ అలా పరిచయమైంది.

సినిమాల్లో శాంతరాజు పని ఒక్కటే. కుర్చీలు విరగ్గొట్టాలి, గుమ్మంలో ఇరుక్కోవాలి, జనాన్ని నవ్వించాలి. మోకాళ్లు అరుగుతున్నాయని, బరువు తగ్గకపోతే గుండెకే ప్రమాదమని డాక్టరు గట్టిగా చెప్పాక, భయపడి జూబ్లీహిల్స్ పార్కుకి రావడం మొదలుపెట్టాడు.

ఆవిడ రోజూ షేక్‌పేట నుంచి వచ్చేది. అతను ఆగితే ఆగేది. నడిస్తే నడిచేది.

పేరు తప్ప ఆవిడ ఎవరని అతను అడగలేదు. ఆవిడా చెప్పలేదు.

కొన్నాళ్లకి అతనికి విసుగొచ్చింది.

"కాటా మీద ముల్లు కదలట్లేదమ్మా. ఇదంతా దండగ."

"కాటా ముచ్చట ఇడిసిపెట్టు. మెట్లెక్కుతుంటే ఆయాసం తగ్గిందా లేదా?"

ఆలోచించాడు. "తగ్గింది."

"నిద్ర పడుతుందా?"

"పడుతోంది."

"ఇంకేంది మరి? నడువు."

ఒకరోజు ఫెన్సింగ్ పక్క దారిలో కాలు మడతపడి, బోర్లా పడ్డాడు.

శకుంతలమ్మ నీళ్ల కోసం పరుగెత్తింది.

పడిపోవడం అతనికి వృత్తి. కానీ నిజంగా పడ్డాక ఎంత ప్రయత్నించినా లేవలేకపోయాడు. నేల మీద కూర్చుని, ఎవరూ లేరు కదా అని, వెక్కి వెక్కి ఏడ్చాడు.

మర్నాటికల్లా ఆ ఏడుపు అందరి ఫోన్లలో ఉంది. వెనక కామెడీ మ్యూజిక్ కూడా.

వీడియోలో అతనొక్కడే ఉన్నాడు. ఆవిడ లేదు.

పార్కు గేటు దగ్గరే ఆవిణ్ని నిలదీశాడు.

"నీళ్లకని వెళ్లి ఇదా నువ్వు చేసిన పని?"

నడిచేవాళ్లంతా ఆగి చూశారు.

"నేను తియ్యలే బిడ్డా."

"బిడ్డా అనకు! మనిషిని నమ్మించి గొంతు కోస్తావా?"

ఆవిడ మొహం పాలిపోయింది.

"నా మీది కోపంతోటి నడుసుడు మాత్రం బంద్ చెయ్యకు" అని, తల వంచుకుని వెళ్లిపోయింది.

కానీ అతను మానేశాడు.

ఓ సాయంత్రం ఫిల్మ్‌నగర్ ఆఫీసులో మేనేజరు చంద్రశేఖర్ స్వీట్లు పంచుతున్నాడు. శాంతరాజు అవకాశాల కోసం తిరిగే రోజుల నుంచీ ఇద్దరూ ఒకే గది, ఒకే కంచం.

"వరసగా ఆఫర్లన్నా! అంతా ఆ వీడియో మహిమే. ఫెన్సింగ్ అవతల కారులోంచి తీసినా ఎంత క్లియర్‌గా వచ్చిందో!"

శాంతరాజు చేతిలో స్వీటు అలాగే ఉండిపోయింది.

"నువ్వు తీశావా?"

"మరి? నువ్వు సన్నబడితే ఎవడు పిలుస్తాడన్నా నిన్ను? నీ ఒళ్లేగా మనిద్దరికీ అన్నం పెట్టేది. అలాగైనా ఆ నడక మానేస్తావని పెట్టా."

"నేను చచ్చిపోతానన్నాడ్రా డాక్టరు. ఆ రోజు నువ్వు నా పక్కనే ఉన్నావు."

"డాక్టర్లు అందరికీ అలాగే చెబుతారన్నా. తీసుకో, స్వీటు తిను."

శాంతరాజు స్వీటు బల్ల మీద పెట్టి బయటికి వచ్చేశాడు.

తెల్లవారగానే పార్కుకి పరుగున వెళ్లాడు. దారంతా వెతికాడు. ఆవిడ లేదు.

"శకుంతలమ్మగారు రాలేదా పోచయ్యా?" అని వాచ్‌మన్ని అడిగాడు.

"మీరు గట్ల తిట్టిన కాడికెల్లి రాలే సార్. షేక్‌పేటల కిరాయి ఇల్లు గూడ ఖాళీ చేసిపోయిందట."

"ఎక్కడికి?"

"ఎవ్వలకు చెప్పలే సార్."

శాంతరాజు గేటు పట్టుకుని నిలబడ్డాడు.

"ముక్కూ మొహం తెలియని నా కోసం రోజూ అంత దూరం ఎందుకొచ్చేది పోచయ్యా?"

పోచయ్య వింతగా చూశాడు.

"ఆమె ఎవలో మీకు నిజంగ తెల్వదా సార్? గీ లావు వేషాలే ఏసుకుంట షూటింగుల కూలిపడి పానమిడిసిండు సూడు వీరభద్రం సారు? సినిమా సగంల ఆగితె ఆయన జాగల మొట్టమొదటిసారి మిమ్మల్ని నిలబెట్టిరి గద. గా సారు భార్యనే ఆమె."