చచ్చినవాళ్ళను పిలిచే భాష

ప్రిప్యాత్ నది పొంగి బెలారూస్ పల్లెలను ముంచెత్తిన మరుసటి ఏడు జరిగిన సంగతి ఇది. అప్పటికే దాదాపు అందరి చెవుల్లో పూసలుండేవి. ఎవరు ఏ భాష మాట్లాడినా, వినేవాళ్ళకు వచ్చిన భాషలోకి మార్చి వినిపించేవి.

ఆకులు రాలే కాలంలో పెద్దలకు పెట్టుకునే రోజొచ్చింది. యాజెప్ తాత కిటికీ తెరిచి, పోయినవాళ్ళను బెలారూసీలో పేరుపేరునా భోజనానికి పిలిచాడు. చివరగా భార్య తెక్లను పిలిచాడు.

"నా తర్వాత నువ్వే పిలవాలే, స్తాసియా," అన్నాడు మనవరాలితో.

"రష్యన్‌లో పిలుస్తాలే తాతా. మిగతాది పూస చూసుకుంటుంది."

"చచ్చినోళ్ళకి పూసలెక్కడివే, పిచ్చిమొహమా! వేరే భాషలో పిలిస్తే మీ నాయనమ్మ గుమ్మం తొక్కదు. అది తీసి, నాతో పాటు అను. 'రండి, కూర్చోండి, తినండి.'"

స్తాసియా పూస తీసి, బుద్ధిగా అంది. మూడుసార్లు అనిపించాడు. మూడుసార్లూ ఆమె నోట అది రష్యన్‌గానే వచ్చింది.

"అదేగా నేనంటున్నది!" అంది, రెండూ దగ్గరి భాషలు కావడంతో తేడా తెలియక.

తాత లేచి కిటికీ మూశాడు.

మర్నాడు పొద్దున్నే, ఎన్నడూ పెట్టుకోని తన పూసను పట్టుకెళ్ళి, తెక్ల సమాధిలో తలవైపు మట్టి తవ్వి పూడ్చిపెట్టి వచ్చాడు.