ప్రభాకర్ సారు నుదుటి గాయం

మద్దిలేటి ఒక్క తన్ను తన్నాడు. లైటు స్టాండు విరిగిపడి బల్బు పేలింది. సినిమా వాళ్లు తేరుకునేలోపే అతను హీరో మెడ దొరకబుచ్చుకుని, గొంతు మీద వేటకొడవలి ఆనించాడు.

"మా నాయన పేరు తీసేయండి. ల్యాకపోతే ఈ పొద్దు ఈడ రంగునీళ్లు గాదు, నెత్తురే పడతాది."

హీరో నుదుటి మీద మేకప్ మనిషి అప్పుడే దిద్దిన ఎర్రటి గాయం ఉంది. తెల్ల పంచె, ఖద్దరు జుబ్బా, లావుపాటి కళ్లజోడుతో అచ్చం ప్రభాకర్ సారే లేచి వచ్చినట్టున్నాడు. బడిపంతులు, పాటలు కట్టే కవి అయిన సారు పోయి చాలా ఏళ్లయింది. ఆళ్లగడ్డలో ఆయన కాపురమున్న ఇంట్లోనే ఆయన కథను సినిమాగా తీస్తున్నారు. ఈరోజు తీసేది, సారు నుదుట దెబ్బతో ఇల్లు చేరిన ఘట్టం.

డైరెక్టర్ సందీప్ రెండు చేతులూ పైకెత్తాడు. "అన్నా, కొడవలి దించు. మేమేమన్నా కొత్తగా పుట్టించామా? కవిగారిని మీ నాన్న సంజీవయ్య రాయితో కొట్టాడని మీ ఊళ్లో చిన్నపిల్లాణ్ణి అడిగినా చెప్తాడు."

"ఎవుడు చూసినాడప్పా? చూసినోన్ని పిలువు ఈడికి."

చూసినవాడు ఎవడూ లేడు. వచ్చిన చిక్కల్లా అదే. అప్పట్లో నంద్యాలలో రెండు గుంపులు తన్నుకుంటుంటే సారు నడుమ నిలబడి ఆపాడు. ఆ గుంపుల్లో ఒకదాంట్లో సంజీవయ్య ఉన్నాడు. మర్నాడు సారు నుదుటికి కట్టుతో బడికి వచ్చాడు. ఎవరు కొట్టారంటే చెప్పలేదు. 'నన్ను కొట్టిన చెయ్యి చల్లగుండాల' అని పాట కట్టాడు. జిల్లా అంతా ఆ పాట పాడుకుని కళ్లు తుడుచుకుంది. ఆ చెయ్యి సంజీవయ్యదేనని ఊరే తీర్పు చెప్పేసింది. కుండ మూతికి మూకుడుంది గానీ ఊరి నోటికి ఎక్కడుంది? సంజీవయ్య చనిపోతే శవం మోయడానికి నలుగురు దొరకలేదు.

"నోటి మాటయితే ఇయ్యాల గాకుంటే రేపు మరుస్తారు. సినిమాకెక్కితే యాడికి పోతాది సామీ? మా నాయన చచ్చేదాకా నేను గాదు, నేను గాదు అన్న్యాడు. నా మనవండ్లు గూడా దాన్ని చూసి తలకాయ దించుకోవాల్నా?"

తండ్రి ఆ మాట అన్నప్పుడు మద్దిలేటి కూడా పూర్తిగా నమ్మలేదు. ఇప్పుడు కొడవలి ఆనించి కూడా కోయలేకపోవడానికి సగం కారణం అదే.

ఆ తటపటాయింపే కొంప ముంచింది. ఫైట్ల కోసం నంద్యాల నుంచి తెచ్చిన కుర్రాళ్లలో ఒకడు వెనక నుంచి వచ్చి మణికట్టు మీద ఇనుపకడ్డీతో కొట్టాడు. కొడవలి హీరో మెడను గీరి కింద పడింది. ఇక చూసుకోండి. కెమెరా ముందు ఉత్తుత్తి తన్నులు తన్నీ తన్నీ విసిగిపోయారేమో, కుర్రాళ్లంతా ఒక్కసారిగా మీద పడ్డారు. పక్కటెముకల్లో తన్నారు. మొహాన తొక్కారు. మద్దిలేటి నోట్లో పన్ను ఊడి నాలుక మీదికి వచ్చింది. దాన్ని ఉమ్మేసి తల తిప్పితే, గోడ వారగా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న లూదియమ్మ కనబడింది. సారు భార్య. షూటింగ్ చూడమని శాలువా కప్పి మరీ కూర్చోబెట్టారు.

"పెద్దమ్మా," అన్నాడు దెబ్బల మధ్యనే. "ఆ పొద్దు సారు ఇంటికొచ్చినప్పుడు నువ్వుంటివి గదా. మా నాయన కొట్టినాడని సారు నీతో అన్న్యాడా? ఒక్క మాట చెప్పు తల్లీ."

లూదియమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పెద్దావిడ భర్తను తలుచుకుని కుమిలిపోతోంది. ఆమెనెందుకు కదిలిస్తావ్?" అన్నాడు సందీప్.

మద్దిలేటికి ఏడుపొచ్చింది. తన్నులకు రాని ఏడుపు అది. నేల మీద మొహం పెట్టి, "నీ దేవుడు చూస్తాండాడు పెద్దమ్మా," అన్నాడు.

ఇంకో తన్ను పడబోతుంటే రమ్య అడ్డం వచ్చింది. సినిమాలో లూదియమ్మ వేషం కట్టిన పిల్ల. పాతకాలపు నేతచీర కొంగు బిగించి, "చచ్చిపోతాడు, వదలండి," అంటూ మద్దిలేటికీ కుర్రాళ్లకూ నడుమ నిలబడింది.

హీరో మెడ తడుముకుని చేతికంటిన నెత్తురు చూసుకున్నాడు. అంతే, కోపం నెత్తికెక్కింది. మద్దిలేటి మీదికి ఉరికాడు. రమ్య జరగలేదు.

"తప్పుకోవే," అని ఆమె సిగ పట్టి గుంజి, కొట్టడానికి చెయ్యెత్తాడు.

ప్లాస్టిక్ కుర్చీ వెనక్కి పడ్డ చప్పుడైంది. లూదియమ్మ అంత వేగంగా కదలగలదని ఎవరనుకుంటారు? సీను కోసం పేర్చిన పొయ్యిలోంచి కట్టె లాగింది. రెండు చేతులా ఎత్తి హీరో నుదుటి మీద ఒక్కటేసింది. కళ్లజోడు ఎగిరి అవతల పడింది. హీరో కూలబడ్డాడు. మేకప్ గాయం చీలి, దాని మీదుగా అసలు నెత్తురు కారి జుబ్బా తడిసింది. తన్నే కాళ్లన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

"ఏందమ్మా ఈ పని?" అన్నాడు సందీప్. "ఆయన మన హీరో."

లూదియమ్మ రొప్పుతూ వచ్చి మద్దిలేటి పక్కన చతికిలబడింది. కొంగుతో అతని మూతి నెత్తురు తుడిచింది. కట్టె ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

"మీ నాయన ఆయప్పను తాకను గూడా తాకలేదు మద్దిలేటీ," అంది. "ఆ పొద్దు ఇంటికొచ్చి ఆయప్ప గూడా ఇట్లనే నా సిగ పట్టి చెయ్యెత్తితే, నేనే కొట్టినా."